టాప్ వెయిట్‌ను ముందే కొట్టేయకండి



స్కాట్లాండులోని ఎయిర్ మైదానంలో ఏటా సెప్టెంబరులో జరిగే గోల్డ్ కప్ ఆరు ఫర్లాంగుల (దాదాపు 1200 మీటర్ల) హ్యాండిక్యాప్. అంటే గుర్రం సత్తాకు ఇచ్చిన రేటింగ్‌ను బట్టి దాని మీద బరువు పెట్టే రేసు. 25 గుర్రాల దాకా బరిలో ఉంటాయి. ఇలాంటి రేసులకు పత్రికల్లో వచ్చే అంచనాలది తరచూ ఒకటే దారి. ఎక్కువ బరువు పడ్డ గుర్రాన్ని చూడగానే పక్కన పెట్టేస్తారు, మిగిలినవాటిలో కిందటిసారి ఒకటో రెండో స్థానంలో వచ్చినదాన్ని ఎంచుతారు. ఈ పద్ధతి తప్పు.

ఒక గుర్రానికి అందరికన్నా ఎక్కువ బరువు పెట్టారంటే ఆ మందలో అదే మేటి అని బరువులు నిర్ణయించే హ్యాండిక్యాపర్ ఒప్పుకున్నట్టే. 1975లో రోమన్ వారియర్ 10 స్టోన్లు, అంటే 63.5 కిలోలు మోసి ఇదే కప్ గెలిచింది. 1992లో లాక్‌సాంగ్ అనే ఆడగుర్రం గుడ్‌వుడ్‌లో స్టీవార్డ్స్ కప్, డాంకాస్టర్‌లో పోర్ట్‌లాండ్, ఆపైన ఎయిర్ గోల్డ్ కప్, మూడూ ఒకే సీజన్‌లో కొట్టింది. గెలిచిన కొద్దీ రేటింగ్ పెరుగుతున్నా ఆగలేదు. మరుసటి రెండేళ్ళూ ఫ్రాన్స్‌లో ప్రి ద లాబే రేసు కూడా దానిదే. 2001లో ఎయిర్‌లో గెలిచిన కాంటినెంట్ మరుసటి ఏడాది జులై కప్ ఎగరేసుకుపోయింది. తన అసలు సత్తాను రేటింగ్ ఇంకా అందుకోలేకపోతున్న ఇలాంటి గుర్రాన్నే వెతకాలి, అది పై బరువుతో ఉన్నా సరే.

రేటింగ్ ఎలా వెనకబడుతుందో చూడండి. బ్రిటన్‌లో ఒక రేటింగ్ పాయింటుకు ఒక పౌండు బరువు. బరువులు ప్రకటించాక ఓ గుర్రం ఇంకో రేసు గెలిచిందనుకుందాం. పెనాల్టీగా 5 పౌండ్లు కలిశాయి. ఆ గెలుపు చూసి హ్యాండిక్యాపర్ రేటింగ్‌ను 9 పెంచితే, ఈ ఒక్క రేసుకు 4 పౌండ్లు కలిసొచ్చినట్టే. స్ప్రింట్‌లో రెండున్నర, మూడు పౌండ్లు ఒక గుర్రం నిడివికి సమానం. ముక్కు తేడాతో గెలుపోటములు తేలే చోట అది పెద్ద లాభం.

అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురవుతున్నది స్టాల్ నంబరు, అంటే గుర్రం బయల్దేరే గేటు నంబరు. మన హైదరాబాదు మలక్‌పేట మైదానంలో 1200 మీటర్ల రేసు మలుపు తిరిగి వస్తుంది కాబట్టి మనవాళ్ళ చూపంతా లోపలి రెయిలు మీదే. ఎయిర్‌లో ఆరు ఫర్లాంగులూ తిన్నని దారి. గేట్లు తెరుచుకున్న కాసేపటికే గుర్రాలు రెండు గుంపులుగా చీలి, ఒకటి స్టాండు వైపు, మరొకటి ఆవలి వైపు పరిగెత్తడం మామూలే. మొదటి నుంచీ దూకుడుగా పోయే గుర్రాలు ఏ గుంపులో ఉంటే ఆ గుంపుకే రేసు అనుకూలిస్తుంది. రెండో గుంపులో అందరికన్నా ముందొచ్చిన గుర్రానికి మొత్తం మీద ఏడో స్థానం దక్కవచ్చు. తన వైపు అది గెలిచినట్టే. వచ్చే రేసుకు మొదట రాసుకోవాల్సిన పేరు అదే, కానీ అంచనాల్లో దాని ఊసే ఉండదు.

పత్రికలు గుర్రం పేరు, జాకీ, బరువు వేసి ఊరుకోకుండా స్టాల్ నంబరు, కిందటిసారి ఏ గుంపులో పరిగెత్తిందీ, చివరిగా గెలిచిననాటి రేటింగుకూ ఇప్పటి రేటింగుకూ ఉన్న తేడా కూడా ప్రతి గుర్రం ఎదుట అచ్చువేయాలని మనవి. అంచనా రాసేవారు ఏ గుర్రాన్ని ఎంచినా, పాఠకులు సొంతంగా లెక్క వేసుకునే వీలుంటుంది.

— ఒక పాఠకుడు, హైదరాబాదు