నామ విశేషములు: చార్లెస్

తెలుగు చదువుకొన్న ఇంట సి. పి. బ్రౌను పేరు వినని వారుండరు. అందులోని మొదటి అక్షరము చార్లెస్ అను పేరునకు గుర్తు. ఈ నెల ఆ పేరు పుట్టుపూర్వోత్తరములను ముచ్చటించుకొందము.

ఇది జర్మానిక్ భాషా కుటుంబపు మాట. మూలరూపము 'కార్ల్'. మగవాడని, బిరుదులు లేకున్నను ఒకరికి బానిస కాని సామాన్యుడని దాని అర్థము. అది లాటినులో 'కారొలుస్' అయి, ఫ్రెంచివారి నోట 'షార్ల్' అయి, ఇంగ్లండులో చార్లెస్ అయినది. జర్మనులు నేటికిని కార్ల్ అనియే పిలుతురు; స్పెయినువారు కార్లోస్ అందురు. షార్లెట్, కారొలీన్ అను ఆడపిల్లల పేర్లు కూడ ఈ చెట్టు కొమ్మలే.

ఇంత సాదా పేరునకు వైభవము తెచ్చినవాడు ఫ్రాంకుల రాజు షార్లమేన్, అనగా మహా చార్లెస్. 800వ సంవత్సరము క్రిస్మస్ నాడు రోములో పోపు మూడవ లియో ఆయనకు చక్రవర్తి కిరీటము పెట్టెను. 814లో ఆయన మరణించినను పేరు మిగిలినది. రాజును చెకులు 'క్రాల్' అనియు, పోలండువారు 'క్రుల్' అనియు, రష్యనులు 'కరోల్' అనియు అనుట ఆ పేరు వలననే యని భాషావేత్తలు చెప్పుదురు. సామాన్యుడన్న మాట రాజైనది!

ఇంగ్లండులో దాని తోబుట్టువు గతి వేరు. బానిస కాని రైతును అచ్చట పూర్వము 'చెయోర్ల్' అనెడివారు. అదియే 'చర్ల్' అయి, మొరటువాడను తిట్టుగా మిగిలినది.

మనకిది వింత గాదు. 'కంపు' అను మాట పూర్వపు తెలుగులో సువాసనకు కూడ చెల్లినది. కన్నడ దేశమందలి మనవారు ఇరుగుపొరుగు నోట నేటికిని ఆ మాటను పరిమళమను అర్థముననే వినుచున్నారు. మన ఇంట మాత్రము ఆ మాట వినగానే ముక్కు మూసుకొందుము.

కనుక పేరునకు విలువ నిఘంటువు ఇచ్చునది కాదు, ధరించినవారు ఇచ్చునది. 1798లో కలకత్తాలో పుట్టిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చొత్తించెను. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించెను. సామాన్యుడను పేరు గల ఆయనను మనవారు 'బ్రౌను దొర' అనిరి.

మన బిడ్డలకు పేర్లు పెట్టునప్పుడు అర్థము కొరకు పుస్తకములు తిరుగవేయుట మంచిదే. దానితో పాటు ఆ పేరు మన ఇంట ముందెవరిదో, వారేమి చేసిరో కూడ చెప్పుదము. తెలుగు నాటికి దూరముగా పెరుగుచున్న పిల్లకు తాతమ్మ పేరు వట్టి పాత పేరుగా తోచవచ్చును. ఆమె కథ తెలిసిననాడు అది తనదగును. పేరు పెట్టుట పెద్దల పని. నిలబెట్టుట పిల్లల పని.