మూడు మరుగుదొడ్ల పంచాయితీ

బంద్ అంటే బడికి తాళం వేసుడే అనుకుంటం మనం. తాళం వేసి ఇంట్ల కూసుంటే సర్కారుకేం నొప్పి? ఆ పిల్లలందర్నీ తోలుకపోయి సర్కారు బడి వాకిట్ల నిలబెడితే? 1962లో ఆస్ట్రేలియాలోని గోల్‌బర్న్ అనే చిన్న పట్నం సరిగ్గ గిదే పని చేసింది.

న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంల, సిడ్నీకి నైరుతి దిక్కున ఉంటది గోల్‌బర్న్. 1859లో ఐర్లండ్ నుంచి మెర్సీ సిస్టర్లు వచ్చి అక్కడ పిల్లలకు చదువు చెప్పుడు మొదలువెట్టిండ్రు. 1874లో సెయింట్ పాట్రిక్స్ కాలేజీ వచ్చింది. 1880లో హెన్రీ పార్క్స్ ప్రభుత్వం చట్టం తెచ్చింది. 1882 ఆఖరుకల్లా మతసంస్థల బడులకు పైసలు బంద్. అటెన్క ఎనభై ఏండ్లు కాథలిక్కులు సర్కారుకు పన్నులు కట్టిండ్రు, తమ బడికి ఫీజులూ కట్టిండ్రు. జీతం లేనట్టే పనిచేసిన సిస్టర్లు, బ్రదర్ల చెమటతోనే ఆ బడులు నిలబడ్డయి.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయినంక పిల్లలు పెరిగిండ్రు, గదులు నిండినయి, పైసలు మాత్రం పెరగలే. అప్పుడే ఓ ప్రిపరేటరీ బడికి ఇంకో మూడు మరుగుదొడ్లు కట్టాల్సిందేనని అధికారులు పట్టువట్టిండ్రు. రూలు పెట్టేటోడు సర్కారు, పైస పెట్టేటోడు పేదోడు! బిషప్ జాన్ కలినేన్, తల్లిదండ్రులు మీటింగు పెట్టి బడులు మూసేద్దామని తీర్మానించిండ్రు. 1962 జులై 16న రమారమి 2,000 మంది పిల్లలు సర్కారు బడుల్ల చేరనీకె పోయిండ్రు. జాగ దొరికింది ఓ 640 మందికే. ఎనభై ఏండ్ల వినతిపత్రాలు చెప్పలేనిది ఆ ఒక్క లెక్క చెప్పింది.

వారానికి బడులు మళ్లా తెరిచిండ్రు. చేతికి వెంటనే ఏమీ రాలే. గెలుపు మెల్లగ వచ్చింది. 1963 ఎన్నికల్ల ప్రధాని మెంజీస్ సైన్స్ ల్యాబులకు ప్రైవేటు బడులకు సైతం పైసలిస్తనని మాటిచ్చిండు, 1964లో ఇచ్చిండు. 1973 కార్మెల్ నివేదికతోటి సాయం ఇంకా పెరిగింది.

మరి ప్రజల పైసలు మతం బడికెందుకు? తప్పుడు ప్రశ్న కాదది. అడిగినోళ్లు హైకోర్టు దాక పోయి 1981లో ఓడిండ్రు. పేద సిస్టర్ల బడి కోసం తెరిచిన తలుపులోంచే తర్వాత భారీ ఫీజుల బడులూ నడిచొచ్చినయి. ఆ పంచాయితీ అక్కడ ఇయ్యాల్టికీ తెగలే.

ధర్నాలల్ల తిరిగినోన్నిగ నాకు ఇందుల రెండు పాఠాలు కనవడ్తున్నయి. ఒకటి, పిల్లల చదువు నెలలకొద్ది ఆగం చెయ్యకుంట వారం రోజుల్లనే సర్కారు లెక్క బయటవెట్టొచ్చు. రెండోది, కొట్లాడి తలుపు తెరిపిస్తే సరిపోదు. అందులోంచి ఎవరు లోపలికి పోతున్నరో కావలి కాసుడు కూడా మన పనే.