వరద వచ్చాక వండటమేనా?

విపత్తు వచ్చిందంటే దేగ్ పొయ్యి మీదికి ఎక్కించటంలో మనం ఎవరికీ తీసిపోము. ఆకలితో ఉన్నవారికి అన్నం పెట్టటం చిన్న పని అని ఎవరంటారు? కాని మన సాయం ఆ దేగ్ తోనే మొదలై, దానితోనే ముగిసిపోతున్నది. విచారించవలసింది అదే.

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీరు విజయవాడలోని సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటలను ముంచెత్తింది. మేడలెక్కినవారు చుట్టూ నీళ్లుండగా గుక్కెడు మంచినీళ్లకు అల్లాడారు. తర్వాత అన్నం పొట్లాలు వచ్చాయి. నీరు తీసింది, పొట్లాలు ఆగాయి. అసలు కష్టం అప్పుడే మొదలైంది. పరుపులు, ఫ్రిజ్, కుట్టుమిషను, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ బురదలోనే. కింది అంతస్తు మునిగినవారికి 25 వేలు, పై అంతస్తువారికి 10 వేలు ప్రభుత్వం ఇచ్చింది. జాబితాలో పేరు లేదని తిరిగినవారూ ఉన్నారు. అలాంటివారికి అర్జీ రాసిపెట్టే చదువుకున్న కుర్రవాడు ఒక్కడు తోడుంటే, అది పది పొట్లాల పెట్టు.

చేతిపని పోయినవాడు వడ్డీకి అప్పు తెస్తాడు. జకాత్ పొందే ఎనిమిది వర్గాలలో రుణగ్రస్తులూ ఉన్నారని మనకు తెలుసు. వరదలో ఆస్తి కొట్టుకుపోయినవాడు కూడా వారిలోనివాడేనని తొలితరం వ్యాఖ్యాత ముజాహిద్ చెప్పిన సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఇక సదఖాకైతే మతం అడ్డు లేనే లేదు. పక్కింటి హిందూ సోదరుని కుట్టుమిషను కూడా ఆ నీళ్లలోనే మునిగింది.

ఇది వరద తర్వాతి మాట. ముందు మాట ఇంకా ముఖ్యం. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన సుమారు 10 వేల మందిని బలిగొన్నది. 1990 మేలో దానికి తీసిపోని తుపాను వస్తే మృతులు వెయ్యి లోపే. కారణం? ముందే హెచ్చరించి లక్షన్నర మందిని తీరం నుంచి తరలించారు. హిజ్రీ 17లో మక్కాను వరద ముంచి మఖామె ఇబ్రాహీం కొట్టుకుపోయినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) దానిని యథాస్థానంలో నిలిపి ఊరుకోలేదు. మళ్లీ వరద రాకుండా ఎగువన కట్ట కట్టించారు.

మనం కట్టలు కట్టలేకపోవచ్చు. మన మస్జిద్ కు మైకుంది, వుజూ ట్యాంకు ఉంది, ఏ ఇంట్లో ఎవరున్నారో తెలిసిన పెద్దలున్నారు. మంచం దిగలేని ముసలివారు, నెలలు నిండిన స్త్రీలు ఏ ఇళ్లలో ఉన్నారో ఒక పుస్తకంలో రాసి, ఎవరిని ఎవరు తీసుకురావాలో వానలకు ముందే తేల్చుకోవచ్చు. మహల్లాలోని అన్ని ఇళ్లూ అందులో ఉండాలి. ఆధార్, రేషన్ కార్డు, పట్టా కాగితాలు ప్లాస్టిక్ కవరులో చుట్టి పైన పెట్టుకోమని జుమా నాడు చెప్పటానికి రెండు నిమిషాలు చాలు.

స్త్రీలను అడగకుండా ఈ ఏర్పాట్లేవీ చేయరాదు. తలదాచుకునే చోట వారికి వేరే గది, మరుగుదొడ్డి లేవంటే నీరు గడప దాటినా చాలామంది ఇల్లు కదలరు. పిల్లలూ వారితోనే ఉండిపోతారు.

కరెంటు పోతే మైకు మూగబోతుంది కనుక బ్యాటరీ కూడా కావాలి. మినారు రంగులకు చందా అడిగే కమిటీ ఈసారి బ్యాటరీకి, నాలుగు మోకులకు అడిగితే మనం కాదంటామా?