గుల్దాన్ కావాలి, పత్తర్ ఫోడ్ వద్దా?

మన ఇళ్లలో "ఖాందానీ" అనే మాట వినపడితే నాకు భయం. ఆ మాట వెనకాల ఎవరినో ఒకర్ని గడప బయట నిలబెట్టే పని జరుగుతూనే ఉంటుంది.

ధర్పల్లిలో మా రిశ్తేదార్ల ఇంట్లో, షోకేసులో జానెడు కూడా లేని ఆకుపచ్చ గుల్దాన్ ఒకటుంది. అసలైన సంగె యషమ్ అని, దాదాజాన్ కాలం నాటిదని చెబుతారు. అసలైన యషమ్ మీద మామూలు చాకుతో గీసినా గీత పడదు. మెహ్మాన్‌గా పోయినవాణ్ని, చాకు ఏం అడుగుతాను? అసలైనదే అనుకుందాం. ఆ ఇంటివాళ్లే మొన్న ఒక రిశ్తా తిప్పి పంపారు. అబ్బాయి చదువుకున్నాడు, నౌకరీ ఉంది, నమాజీ. ఐబ్ ఒక్కటే: వాళ్ల తాత రోళ్లకు, తిరగళ్లకు కక్కు కొట్టేవాడు. "పత్తర్ ఫోడ్ వాళ్లకు మన పిల్లనిస్తామా?" అన్నారు. అన్నది కూడా ఆ షోకేసు ముందు కూర్చునే.

రాయి మలిచినవాడి పనేమో షోకేసులో ఇజ్జత్. రాయి కొట్టినవాడి మనవడు బేఇజ్జత్. ఇదెక్కడి ఇన్సాఫ్?

అసలు ఆ గుల్దాన్ ఎట్లా తయారవుతుందో మనకు తెలుసా? యషమ్ ఉలి దెబ్బకు లొంగే రాయి కాదు. మొగల్ కారీగర్లకు ఆ రాయి ఎక్కువగా ఖోతాన్ నుంచి వచ్చేది. దాన్ని చెక్కరు, అరగదీస్తారు. కురువిందం పొడి నీళ్లలో కలిపి, పనిముట్టు తిప్పుతూ, కొంచెం కొంచెంగా. గుల్దాన్ అయితే ఇంకా కష్టం. సన్నటి మూతిలోంచి లోపలి కడుపంతా ఖాళీ చేయాలి. గోడ పలచనైనకొద్దీ చేతికి సబర్ కావాలి. ఒక్కసారి చెయ్యి జారితే అన్ని రోజుల మెహనత్ మట్టిపాలు.

ఆ చెయ్యి ఎవరిదో ఎవరికీ పట్టదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంకు పోతే నూర్జహాన్ పండ్ల కత్తి అంటాం, జహంగీర్ ఖంజర్ అంటాం, షాజహాన్ విలుకాడి ఉంగరం అంటాం. అన్నీ వాడినవాళ్ల పేర్లే. 1657లో షాజహాన్ కోసం చేసిన తెల్ల యషమ్ గిన్నె లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. బాద్షా పేరు నిలిచింది, కారీగర్ పేరు దొరకలేదు. మనం ఆ ఫొటోలు వాట్సాప్‌లో తిప్పుకుని "హమారీ షాన్" అని రాసుకుంటాం. మన తాతల్లో బాద్షాలు ఎందరు భాయ్? దూదేకినవాళ్లు, అత్తరు అమ్మినవాళ్లు, క్షవరం చేసినవాళ్లు, రాళ్లు కొట్టినవాళ్లు, వాళ్లే కదా ఎక్కువ మంది!

కక్కు కొట్టడం చిన్న పని అనుకునేవాళ్లు నున్నగా అరిగిపోయిన తిరగలి మీద జొన్నలు విసిరి చూడండి. గింజ జారుతుంది తప్ప నలగదు. పసుపు పండే మన ఊళ్లలో ఇంట్లోకి కావలసిన పసుపు దంచుకున్నది కక్కున్న రోళ్లలోనే. యషమ్ గుల్దాన్ పక్కన అది మోటు పనే, కాదనను. కానీ ఆ గుల్దాన్‌లో మన ఇళ్లల్లో ఎవరైనా ఒక్క పువ్వు పెట్టారా?

"కుఫూ చూడాలి కదా" అంటారు పెద్దలు. చూడండి. అబ్బాయి అఖ్లాఖ్ చూడండి, కమాయి హలాలా కాదా చూడండి. దావూద్ అలైహిస్సలాం తన చేతి కష్టం తిన్నారని జుమ్మా బయాన్‌లో విని "సుబ్హానల్లాహ్" అనే మనమే, బయటికొచ్చి తాత చేతిలో ఉలి ఉందని రిశ్తా తెంచుతామా?

ఇంకో సంగతి. 2007లో వచ్చిన చట్టం ముస్లింలలో వెనుకబడిన 14 సమూహాలను బీసీ-ఇ కింద చేర్చి 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. ఆ జాబితాలో రోళ్లకు కక్కు కొట్టేవాళ్లున్నారు, పత్తర్ ఫోడులున్నారు. షేక్‌లూ ఉన్నారు. రిశ్తా తిప్పి పంపిన మా వాళ్లు షేక్‌లే. వాళ్ల అమ్మాయి కాలేజీ సీటు కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగి తెచ్చుకున్న సర్టిఫికెట్ మీద రాసి ఉన్నదీ బీసీ-ఇ అనే.