రీస్టార్ట్ కొట్టే ముందు ఒక్క నిమిషం

మా ఫెస్ట్ రిజిస్ట్రేషన్ సైట్ ఆ వారంలో నాలుగుసార్లు బిగుసుకుపోయింది. నాలుగుసార్లూ మేం చేసింది ఒకటే, డేటాబేస్ సర్వర్ రీస్టార్ట్. నిమిషంలో సైట్ లేచి కూర్చునేది, మేం హాయిగా క్యాంటీన్‌కి పోయేవాళ్లం. నా గొడవ ఈ అలవాటు మీదే. రీస్టార్ట్ కొడితే జబ్బు తగ్గదు సరికదా, దాని ఆనవాళ్లు కూడా పోతాయి.

ఎప్పుడూ హ్యాంగయ్యే సర్వర్‌తో పెద్ద బాధ లేదు, కూర్చుని పట్టుకోవచ్చు. అప్పుడప్పుడూ హ్యాంగయ్యేదే ఏడిపిస్తుంది. మనం చూస్తున్నంతసేపూ బుద్ధిగా ఉంటుంది. ఇక కారణం దొరక్కపోతే మనకి మనిషి కావాలి కదా! మాకు దొరికింది సెకండియర్ తమ్ముడు. హోం పేజీ క్వెరీలు రాసింది వాడే. "నీ జాయిన్లు చూసుకోరా, ఇండెక్స్ పెట్టావా అసలు?" అని రెండ్రోజులు వాయించాం. ఎక్కువ వాయించింది నేనే. పాపం వాడు నిద్ర మానుకుని, బాగున్న కోడ్‌నే మళ్లీ రాశాడు.

ఐదోసారి ఆగినప్పుడు వాడే అడ్డం పడ్డాడు. "అన్నా, రీస్టార్ట్ వద్దు. లోపల ఏముందో ఒక్కసారి చూద్దాం."

కౌంటర్ దగ్గర లైన్ పెరుగుతోంది, నాకు చిరాకు. సీపీయూ చూస్తే దాదాపు ఖాళీ. అంటే పని ఎక్కువై ఆగలేదు, దేనికోసమో ఎదురుచూస్తోంది. వాడి ల్యాప్‌టాప్‌లోంచి వెళ్దామంటే 'టూ మెనీ కనెక్షన్స్'. మైఎస్‌క్యూఎల్‌లో డీఫాల్ట్ పరిమితి 151. కానీ అడ్మిన్ కోసం ఇంకొక్క సీటు అట్టిపెడుతుంది. ఆ 152వ సీట్లో దూరి 'షో ఫుల్ ప్రాసెస్‌లిస్ట్' కొట్టాం. వరసగా ఒకటే మాట: 'వెయిటింగ్ ఫర్ టేబుల్ మెటాడేటా లాక్'. ఆ వరసకి ముందున్నది గంటకోసారి నడిచే మా స్క్రిప్టు. మిగిలిన సీట్ల టేబుల్‌ని ట్రంకేట్ చేసి మళ్లీ నింపుతుంది. దానికీ ముందు ఒక కనెక్షన్, పక్కన 'స్లీప్', అరగంట దాటింది. యూజర్ పేరు నాది.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

ల్యాబ్‌లో పేర్ల తప్పులు దిద్దుతూ, తేడా వస్తే వెనక్కి తీసుకోవచ్చని ట్రాన్సాక్షన్ మొదలుపెట్టాను. మధ్యలో సీట్ల టేబుల్ కూడా ఓసారి సెలెక్ట్ చేసి చూశాను. కమిట్ కొట్టకుండా కిందకి దిగాను. చూసినంత మాత్రాన ఏమవుతుంది అనుకున్నా. ట్రాన్సాక్షన్ ముగిసేదాకా ఆ టేబుల్ మీద మెటాడేటా లాక్ నా పేరు మీదే ఉంటుంది.

మన మెస్ గుర్తుచేసుకోండి. ఒకడు కూర గిన్నె దగ్గర గరిటె పట్టుకుని ఫోన్లో మాట్లాడుతుంటాడు. గిన్నె మార్చడానికొచ్చిన మెస్ అన్న వాడు కదిలేదాకా ఆగుతాడు. అన్న నిలబడ్డాడు కాబట్టి ఇంకెవర్నీ రానివ్వరు. వెనకాల హాస్టల్ మొత్తం కంచాలతో. ఆ మెస్ అన్న ఎంతసేపు ఆగుతాడో తెలుసా? 'లాక్ వెయిట్ టైమవుట్' డీఫాల్ట్ 3,15,36,000 సెకన్లు. అక్షరాలా ఒక సంవత్సరం!

రీస్టార్ట్ కొట్టిన ప్రతిసారీ నా కనెక్షన్ తెగిపోయేది, దాంతోపాటు నేరస్థుడూ మాయం. నేను దిద్దిన పేర్లు కూడా మళ్లీ పాతవే కనిపించేవి. 'సేవ్ కాలేదేమోలే' అనుకుని మళ్లీ కొట్టేవాణ్ణి. ఆధారం కళ్లముందే ఉంది, నేను జూనియర్ జాయిన్లలో వెతుకుతున్నా.

మా రూమ్మేట్ ఒప్పుకోడు. "లైన్లో జనం ఉంటే సైట్ లేపాలా, పరిశోధన చేయాలా?" అంటాడు. లేపాలి, కాదనను. కానీ ఆ లిస్టుని ఒక ఫైల్లోకి తీసి పెట్టుకోవడానికి పది సెకన్లు చాలు. ఆ రోజైతే రీస్టార్ట్ అవసరమే పడలేదు, నా ఒక్క కనెక్షన్‌ని కిల్ చేస్తే వెనకున్నవన్నీ కదిలిపోయాయి.

తమ్ముడు ఒక్క మాట అనలేదు. రాత్రి మెసేజ్ మాత్రం పెట్టాడు: "అన్నా, నా పాత జాయిన్లు మళ్లీ పెట్టెయ్యనా?"