పేరు మారిన చాలునా?

కళాశాల ద్వారముపై పలక మార్చుట సులభము. లోపలి విద్యను మార్చుట కష్టము. ప్రాంతీయ సాంకేతిక కళాశాలలను సాంకేతిక విశ్వవిద్యాలయములుగ మార్పవలెనను కోరిక నేడు మన నాట ప్రబలుచున్నది. ఈ కోరిక నిందింపదగినది కాదు. కాని దాని ఫలమెవ్వరికి దక్కుననునది ప్రజలు ముందుగ విచారింపవలసిన ప్రశ్న.

మనకిందు అనుభవము లేకపోలేదు. 1959లో ఓరుగల్లున ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు జవహరులాలు నెహ్రూ శంకుస్థాపన చేసిరి. కేంద్ర రాష్ట్ర ప్రభుత్వములు రెండును దాని భారమును వహించినవి. స్థానములలో సగము రాష్ట్ర విద్యార్థులకును, సగము ఇతర రాష్ట్రములవారికిని లభించెను. 2002లో అది జాతీయ సాంకేతిక విద్యాసంస్థయై విశ్వవిద్యాలయ ప్రతిపత్తి నందినది. పేరు మారినది, పెత్తనము కేంద్రమున కేగినది. అయినను స్వరాష్ట్రపు బిడ్డల సగపాలు పోలేదు. ఇది మొదటి పాఠము.

రెండవ పాఠము మరియొకటి. 1972 అక్టోబరు 2వ తేదీన అనంతపురము, కాకినాడ, హైదరాబాదు కళాశాలలను కలిపి జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమును స్థాపించిరి. ఆశయము మహత్తరము. కాని పిమ్మట వందలకొలది ప్రైవేటు కళాశాలలు దానికి అనుబంధములయ్యెను. 2008లో అది నాలుగుగ చీలెను. బోధనయు పరిశోధనయు నడపవలసిన సంస్థపై పరీక్షలు జరుపు కచేరి భారము పడినది. పలక గొప్పదైనంతమాత్రమున పని గొప్పది కాజాలదు.

ఇక మూడవ మార్గము. 2018 నాటి రాష్ట్ర చట్టము ననుసరించి 2020లో ఐదు ప్రైవేటు విశ్వవిద్యాలయములు వెలసెను. అందు మూడు మేడ్చల్-మల్కాజగిరి జిల్లాలోనివే. అనుబంధ కళాశాలలలో నూటికి 70 స్థానములు ప్రవేశపరీక్ష ర్యాంకును బట్టి కన్వీనరు నింపును. రుసుమును ప్రభుత్వ సంఘము నిర్ణయించును. ప్రైవేటు విశ్వవిద్యాలయ చట్టమో, రాష్ట్రవాసులకు నూటికి 25 స్థానములే కేటాయించి, రుసుము నిర్ణయమును ఆ సంస్థకే విడిచినది. కళాశాల విశ్వవిద్యాలయమైన నాడు పేదవాని స్థానము లెన్ని తరుగునో పాఠకులే లెక్కించుకొందురు గాక!

శామీర్‌పేట చెరువుగట్టున నిలిచి చూచిన ఈ ప్రశ్న కన్నులకు కట్టును. 1998లో స్థాపింపబడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయ మిచ్చటనే యున్నది. పిలానీ బిర్లా విద్యాసంస్థ 2008లో సమీపమున జవహర్‌నగరునందు ప్రాంగణమును తెరచినది. తుర్కపల్లి వైపున జీనోమ్ వ్యాలీలో తయారైన కోవిడు టీకా 2021లో దేశమంతటికిని పోయినది. ఇంత విద్యయు ఇంత పరిశ్రమయు చుట్టునుండగా, ఈ గ్రామముల రైతుబిడ్డ ఏ ద్వారమున లోనికి పోగలడు? శాస్త్రజ్ఞుడుగనా? బోధకుడుగనా? లేక గేటుకడ కావలివాడుగనా?

స్వయంపాలన లేనిదే విద్య వికసింపదని కొందరు వాదింతురు. ఆ మాట సత్యమే. దూరమున నొకరు వ్రాసిన పాఠ్యక్రమమునే యేండ్లతరబడి వల్లించు కళాశాల నూతన విజ్ఞానమునకు ఆవాసము కాలేదు. కాని బోధనయందు స్వాతంత్ర్యము వేరు, రుసుము వసూలునందు స్వాతంత్ర్యము వేరు. మొదటిది కోరువారు రెండవదానిని దానివెనుక దాచి తేరాదు.

కావున ప్రభుత్వమును మేము కోరునది మూడు మాటలు. మారు ప్రతి కళాశాలయందును మునుపటి కన్వీనరు స్థానములును రిజర్వేషన్లును తరుగరాదు. చాలినంతమంది స్థిరోపాధ్యాయులును, పనిచేయు ప్రయోగశాలలును లేనిచో విశ్వవిద్యాలయమను పేరు నీయరాదు. చెరువుల నీరు, పంటల నష్టము, పరిశ్రమల కాలుష్యము మున్నగు స్థానిక సమస్యలపై జరిగిన పరిశోధనను ఏటేట ప్రజలముందుంచవలెను.

పట్టణవాసులారా, భూస్వాములారా! మీ పుత్రులకు రుసుము చెల్లింప మీకు శక్తి కలదు. మీ పొలమున దున్నువాని పుత్రునకు ఆ శక్తి లేదు. వాని బిడ్డ లోనికి పోలేని విశ్వవిద్యాలయము ఎంత ఎత్తున లేచినను, అది దేశవిద్యాలయము కాదు, వర్తకశాలయే యగును.