గోలు పడని రోజు

మా మనవడు ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. మొన్న సాయంత్రం బడి నుంచి వస్తూనే బూట్లు మూలకు విసిరేసి, అన్నం వద్దని పడుకున్నాడు. సంగతేమిట్రా అంటే, ఫుట్‌బాల్ జట్టులో వాణ్ణి ‘బాక్’లో నిలబెట్టారట.

“గోలు కొట్టినవాడికి చప్పట్లు తాతయ్యా. గోలు పడితే తిట్లు మాకు” అన్నాడు.

కాదనడానికి నాకు నోరు రాలేదు. కాపలావాడి పేరు ఊరంతా మోగేది దొంగలు పడ్డ మర్నాడే గదా!

మర్నాడు వాడే ఫోను పట్టుకుని నా పక్కన చేరాడు. కుర్రాళ్లు ఒకరికొకరు పంపుకుంటున్న పాత ఆట వీడియో అది. అందులో కథానాయకుడు జపాను బాక్ ఆటగాడు, త్సునెయాసు మియామోటో. ఆ పేరు నేనదివరకు వినలేదు. మీలో చాలామందీ విని ఉండరు.

ఆరా తీస్తే తేలిందేమంటే, ఆయన్ని లోకానికి మొదట చూపించింది విరిగిన ముక్కు! 2002లో ప్రపంచ కప్పు జపాను, కొరియాలలో జరిగింది. పోటీలు కొద్ది రోజులున్నాయనగా ఆయన ముక్కు విరిగింది. నల్లటి ముసుగు తగిలించుకుని బెంచీ మీద కూచున్నాడు. బెల్జియంతో మొదటి ఆటలో మోరియోకా అనే ఆటగాడు తప్పుకోవలసి వచ్చి, ఈయన లోపలికి వచ్చాడు. తరువాత రష్యా మీద 1-0తో గెలిచారు. ప్రపంచ కప్పులో జపానుకు అదే తొలి విజయం. ట్యునీషియా మీద 2-0. రెండాటలలోనూ జపానుకు గోలు పడలేదు. కాని జనం చూసింది ముసుగును. ‘బాట్‌మన్’ అని పేరు కూడా పెట్టారు. పాపం, పడని గోలును ఫొటో తీయడం ఎవరి తరం?

మా వాడు చూపించింది 2004 నాటి సంగతి. చైనాలోని చోంగ్‌చింగ్‌లో ఆసియా కప్పు క్వార్టర్ ఫైనల్, జోర్డాన్‌తో. 1-1తో సమమై పెనాల్టీలకు వచ్చింది. జపాను తరఫున మొదట తన్నిన నకమురా, అలెక్స్ ఇద్దరూ కాలు జారి గురి తప్పారు. అప్పుడు కెప్టెన్ మియామోటో తిన్నగా రిఫరీ దగ్గరికి నడిచాడు. ఈ నేల బాగాలేదు, అవతలి గోలు దగ్గర తన్నిద్దామని ఇంగ్లీషులో నచ్చజెప్పాడు. రిఫరీ ఒప్పుకున్నాడు. గోల్‌కీపర్ కవగుచి ప్రాణం పెట్టి బంతులు ఆపాడు. మియామోటో కూడా తన వంతు గోలు కొట్టాడు. 4-3తో గెలిచి, చివరికి కప్పే పట్టుకుపోయారు.

అందరూ బంతిని చూస్తున్న వేళ ఆయన నేలను చూశాడు. బాక్‌లో ఆడేవాడి విద్య అదే కాబోలు. మనిషి పెద్ద పొడగరి కూడా కాదు, 176 సెంటీమీటర్లు. 2024లో జపాను ఫుట్‌బాల్ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ప్రపంచ కప్పు ఆడినవాడు ఆ కుర్చీ ఎక్కడం అదే మొదలు.

ఇదంతా మా వాడికి విడమరిచి చెబుతుంటే వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినబడింది.

“పాలు పొంగిపోయిన రోజున నా పేరు నాలుగుసార్లు వినిపిస్తుంది. పొంగని రోజున ఒక్కసారైనా విన్నానా?”

తాతా మనవలం మొహమొహాలు చూసుకున్నాం. వాడు మెల్లిగా లేచి బూట్లు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. నేను వంటింటి గుమ్మం దాకా వెళ్లి, “కాఫీ బాగుంది” అన్నాను.

“ఇప్పుడేం కావాలి?” అంది మా ఆవిడ, అనుమానంగా.